సఫారీ బండిలో పిలిచిన పేరు

ఈ రోజు ఇంటిల్లిపాదీ పులి సఫారీకి వెళ్లాం. కిటికీలకు ఇనుప జాలీ ఉన్న బండి. సండూరు కొండల కింద పుట్టిన మా అవ్వ ఎక్కినప్పటినుంచీ ఆ జాలీ పట్టుకునే కూర్చుంది.

పొదల్లోంచి పులి బయటికి రాగానే నా భార్య మా పాపను "రత్నా, అటు చూడే!" అని కేకేసింది. అవ్వ గబుక్కున ఆమె నోరు మూసేసింది.

"పేరు పెట్టి పిలవద్దమ్మా. అది చెవొగ్గి ఇంటాండాది. ఇన్న పేరుతో మళ్ల అదే పిలుస్తాది."

డ్రైవర్ నవ్వాడు. "ఏం కాదవ్వా, జాలీ ఉండాది కదా."

"నీకు తెలీదప్పా. మా అక్క కొండకు కట్టెలకు పోయింటే, పొద్దుగూకినాక మాయమ్మ ఇట్లే పేరు పెట్టి పిలిచె. అక్క 'వస్తాండా' అనె. మళ్ల రాలేదు."

ఆ అక్క పేరే మా పాపకు పెట్టాం. జ్వరంతో పోయిందనే ఇన్నాళ్లూ విన్నాం. అవ్వ పాపను ఎప్పుడూ "పిల్లా" అనే పిలుస్తుంది. పోయిన మనిషి మీద గౌరవం కాబోలు అనుకునేవాళ్లం.

సఫారీ గేటు దాకా పులి మా కిటికీ పక్కనే నడిచొచ్చింది.

బళ్లారిలో మా ఇంటికి వచ్చేశాం. దీపాలు పెట్టే వేళ పాప మేడమీద ఒక్కతే ఆడుకుంటోంది. అన్నానికి పిలుద్దామని మెట్ల కింద నిలబడ్డాను. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

పైనుంచి పాప, "వస్తాండా!" అంది.

నేను పిలవలేదు. నా భార్యా, అవ్వా నా వెనకే ఉన్నారు, వాళ్లూ పిలవలేదు. పరుగున పైకెక్కి పాపను ఎత్తుకొచ్చేశాను.

నవ్వేవాళ్లు నవ్వండి. కానీ పాప ఎవరికి బదులిచ్చిందో చెప్పి మరీ నవ్వండి.