పధ్నాలుగో ప్రశ్న

ఆమెను వీధిలో అందరూ మడతలక్క అంటారు. పెద్దాసుపత్రి లాండ్రీలో పదహారేళ్ళుగా దుప్పట్లు మడతపెట్టడమే ఆమె పని. యంత్రంలోంచి వేడివేడిగా వచ్చే దుప్పటిని ఇటు తను, అటు ఇంకొకావిడ పట్టుకుని, అంచులు కలిపి దొంతి మీద వేయాలి. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. చేతులు పైకి లేవక జడ మానేసి ముడి చుట్టుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. భర్త లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు. ఉన్నది ఒక్కతే కూతురు, యూనివర్సిటీలో చదువుతోంది.

కూతురి అసలు చదువు లెక్కలు. దానికి తోడు మైనర్ అని ఇంకొకటి తీసుకుంది, ప్రపంచ అభివృద్ధి అట. "మైనరంటే ఏంటే?" అంటే, "కూరగాయలవాడు కొసరు వేస్తాడే, అలాంటిదమ్మా" అంది. అసలు కంటే కొసరు ముద్దన్నట్టు రోజంతా ఆ పుస్తకాలే ముందేసుకుని కూర్చునేది. ఏ దేశంలో ఎంతమందికి మంచినీళ్ళున్నాయో గడగడా అప్పజెప్పేది. "ప్రపంచం సంగతి సరే, మన వీధి కొళాయిలో నీళ్ళెప్పుడొస్తాయో చెప్పవే తల్లీ" అని మడతలక్క ఆవులించేది.

నిజానికి ఆ చదువు ఆమెకు కొత్తేమీ కాదు. అది చదివేవాళ్ళు పన్నెండేళ్ళుగా ఏటా ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఈ వీధికే వస్తున్నారు. యూనివర్సిటీ బస్సు ఆగేది ఈ వీధి మొదట్లోనే కాబట్టి, వాళ్ళకు పేదరికమంటే ఈ వీధే. గదులెన్ని, పొయ్యి ఎలాంటిది, ఇలా సాగుతుంది వరస. పధ్నాలుగో ప్రశ్న దగ్గరే చిక్కు. పుట్టిన పిల్లలెంతమంది, ఉన్నవాళ్ళెంతమంది? రెండూ ఒకటే అయితే పేజీ తిప్పేస్తారు. తేడా వచ్చిందా, ఇంకో పదకొండు ప్రశ్నలు. ఎన్నో నెలలో, ఎన్నాళ్ళు జ్వరం, ఆసుపత్రి ఎంత దూరం, ముందే ఎందుకు తీసుకెళ్ళలేదు.

మొదటి ఏడు ఆమె నిజమే చెప్పింది. కళ్ళజోడు పిల్ల ఒకతి పదకొండూ అడిగి, "థాంక్యూ ఆంటీ" అని వెళ్ళిపోయింది. మడతలక్క డ్యూటీకి ఆలస్యంగా పోయి సూపర్‌వైజరు చేత నానా మాటలూ పడింది. ఆ తిట్లన్నీ ఒక ఎత్తు, "ముందే ఎందుకు తీసుకెళ్ళలేదు" అన్నది ఒక ఎత్తు. మరుసటి ఏడు, "ఒక్కతే పుట్టింది, ఒక్కతే ఉంది" అనేసింది. పది నిమిషాల్లో వదిలేశారు. కొళాయి దగ్గర ఆడవాళ్ళందరికీ అదే ఉపాయం బోధించింది. "లేదని చెప్పండి, పోతారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" వీధి వీధంతా ఆ మాటే పట్టుకుంది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం మడతలక్క కాళ్ళు బారజాపుకుని గోడకు ఆనుకుని ఉంది. కూతురు ఆఖరి వ్యాసం రాస్తూ ఉన్నట్టుండి తలెత్తింది.

"అమ్మా, పన్నెండేళ్ళ కాగితాలూ లెక్కేశాను. మొదటి ఏడు ఒకటీ అరా తప్ప, మన వీధిలో ఏ తల్లీ బిడ్డను పోగొట్టుకోలేదు. ఆ ఒకటీ అరా రాసుకోవడంలో పొరపాటై ఉంటుందంది మా మేడం."

"అయితే ఏమంటావు?"

"ఈ వీధి చివరున్న పసిపిల్లల క్లినిక్‌ను ఇక్కడ ఉంచడం దండగ, కాలువ అవతలికి మార్చమని రాస్తున్నా. మునిసిపాలిటీ వాళ్ళే మేడంను అడిగారు. సోమవారం పంపేస్తుంది."

మడతలక్క కాళ్ళు ముడుచుకుని నిటారుగా కూర్చుంది. నిరుడు ఎదురింటి బిడ్డ ఊపిరి అందక నీలంగా మారితే ఆ క్లినిక్ దాకా ఎత్తుకుని పరుగెత్తింది తనే. నోరు మూసుకుంటే పిల్లకు మంచి మార్కులొస్తాయి, క్లినిక్ పోతుంది. విప్పితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా ఓపిక లేదు.

"అదంతా అబద్ధమే," అంది. "మొదటి ఏడు నిజం చెప్పింది నేనే. తర్వాత అందరిచేతా లేదని చెప్పించిందీ నేనే."

"సోమవారం ఇవ్వాలమ్మా!" అని కూతురు గట్టిగా అరిచింది. అరిచాక గానీ విన్నదేమిటో తలకెక్కలేదు. "నాకంటే ముందా?"

"నీకంటే ముందే. మగపిల్లాడు. ఎనిమిది నెలలు. అప్పుడు వేరే చోట ఉండేవాళ్ళం."

"ఇరవై ఏళ్ళు నాకు చెప్పకుండా, ఇవాళ ఈ కాగితాల కోసం చెప్తున్నావా?"

"కాగితాలకు ఎప్పుడో చెప్పానే. పొరపాటన్నారుగా. ఇప్పుడు నీకు చెప్తున్నా."

కూతురు చాలాసేపు ఏడ్చింది. మడతలక్కకు ఏడుపు రాలేదు, అలసటే వచ్చింది. చివరికి పిల్ల ముఖం కడుక్కుని వచ్చి, నీ ఒక్కదాని లెక్క మారిస్తే ఎవరూ నమ్మరు, అందర్నీ మళ్ళీ అడగాలి అంది. తను అడిగితే వీధిలో ఎవరూ నిజం చెప్పరనీ అంది. అదీ నిజమే. వాపెక్కిన కాళ్ళతో మడతలక్కే లేచింది.

మొదట పక్కింటి టైలరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ గోడ ఒక్కటే. కుట్టుమిషను చప్పుడు వింటూనే మడతలక్క ఇన్నేళ్ళూ నిద్రపోయింది. ఆవిడకు ఉన్నది ఒక్క కొడుకు.

"వదినా, ఆ పిల్లల ప్రశ్న ఉంది చూడు, ఈసారి నిజమే చెప్పాలి. లేకపోతే క్లినిక్ ఎత్తేస్తారు. నాకు ఒకడు పోయాడు. ముందు నాదే రాయించా."

టైలరమ్మ మిషను ఆపింది. చేతిలోని గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

"రాసుకోమ్మా," అంది పిల్లతో. "నాకు ముగ్గురు పుట్టారు."

మడతలక్క గడప మీదే కూర్చుంది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం వదినా?" అంది.

టైలరమ్మ అంది. "కొళాయి దగ్గర నువ్వు లేదని చెప్పమన్నావు చూడు, నీకు ఎవరూ పోలేదు కాబట్టి అంత తేలిగ్గా అంటున్నావనుకున్నా."