నాటకం పరదా మీద గోడ

నేను బోధన్‌లో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేరిన రెండో ఏడు, నాటకానికి వెనక కట్టే పరదా వేసిపెట్టమని ఒకాయన మా ఇంటికి వచ్చాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. చెరకు గానుగ ఆడని నెలల్లో తోటి కార్మికులను పోగుచేసి నాటకాలు ఆడించేవాడు. అందరూ అన్నా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను.

అప్పటిదాకా మా వైపు ఏ నాటకం ఆడినా వెనక ఒక రాజుగారి మేడో, పూలతోటో ఉండేది. అన్న రాసిన నాటకంలో రాజులు లేరు. ఇద్దరు అన్నదమ్ములు విడిపోయి ఇంటి మధ్య గోడ పెట్టుకుంటారు. ఆ గోడ పరదా మీద కనిపించాలని ఆయన కోరిక.

ఒప్పుకున్నాను గానీ బొమ్మ కుదరలేదు. ఎన్ని కాగితాలు చూపించినా ఆయన పక్కన పెట్టేవాడు. చివరికి ఒకరోజు నెమ్మదిగా అన్నాడు.

"గోడ మంచిగనే గీసినవ్ చెల్లె. కని గీ గోడ ఎవల్నీ బాధ పెడుతలేదు."

ఆ మాట నన్ను నిద్రలో కూడా వదల్లేదు. దసరా సెలవులకు ఖాళీగా ఉన్న తరగతి గదిలో మంజరపాటు గుడ్డ గోడ పొడవునా బిగించి, సుద్దా జిగురూ పూసి సిద్ధం చేసి ఉంచాం. తప్పు పడితే మార్చడానికి ఇంకో గుడ్డ లేదు. బడి తెరిచేలోగా గది ఖాళీ చేయాలని పెద్ద టీచరమ్మ ముందే చెప్పింది. రోజూ పొద్దున వెళ్లి, బొగ్గుముక్క పట్టుకుని ఆ తెల్లటి గుడ్డ ముందు నిలబడేదాన్ని. ఒక్క గీత కూడా గీయకుండానే తిరిగి వచ్చేదాన్ని.

ఆ ఆదివారం చర్చి అయ్యాక చందూర్‌లో ఉన్న మా అక్క దగ్గరికి బస్సెక్కాను. అక్కావాళ్ల వీధిలోనే అన్నదమ్ములిద్దరు ఆ ఎండాకాలంలో వాకిలినుంచి పెరటిదాకా మధ్యన మట్టిగోడ పెట్టుకున్నారు. తమ్ముడింటి గడప తొక్కినా, ఆ ఇంటి వస్తువు ముట్టినా నీ తల్లిగారింటికే పో అని పెద్దవాడు పెళ్లానికి చెప్పాడట. అక్క ఆ సంగతి చెబుతుంటేనే నేను కాగితాలు తీసుకుని బయలుదేరాను.

పెద్దవాడి పెరటి వెనక దారిలో, కంచె పక్కన నిలబడి గీయడం మొదలుపెట్టాను. గోడ చివర, పిడకల కుప్ప వెనక పెద్దవాడి పెళ్లాం, ఆ ఇంటి పెద్దకోడలు, వంగి ఏదో చేస్తోంది. చూస్తే గోడలో చిన్న సందు ఉంది. అందులోంచి అటువైపు చెయ్యి ఒకటి వచ్చింది. ఇటునుంచి కూర గిన్నె ఆ చేతికి అందింది. ఆ చేతులు మాట్లాడుకోలేదు, తొందరపడలేదు. రోజూ చేసే పనిలా ఉంది.

ఇన్నాళ్లు వెతికింది ఇదేనని తెలిసింది. ఆ రెండు చేతులనూ గిన్నెనూ గబగబా కాగితం మీదికి దించాను. తల ఎత్తేసరికి పెద్దకోడలు కంచె దగ్గర నిలబడి నా కాగితాన్నే చూస్తోంది. మొహంలో నెత్తురు లేదు.

ఎవరు పంపారని అడిగింది. ఎవరూ పంపలేదని, నేను టీచర్నని, నాటకం పరదా కోసమని చెప్పాను. అలా చెప్పడంతో ఆమె ఇంకా బెదిరింది. ఆ నాటకానికి మా ఆయన కూడా పోతాడు, అందరి ముందు చూస్తాడు అంది. నేను కాగితం ఆమె చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు.

"కాయితం నాకెందుకు పంతులమ్మా. నీ కండ్లల్ల పడ్డదాన్ని ఏం జేస్తవ్? గా చేతులు ఏడా గియ్యనని మాటియ్యి."

అంతలో వీధి వైపునుంచి ఎద్దుబండి వచ్చి ఆగిన చప్పుడు. ఆమె భర్త గొంతు వినిపించింది, పెరట్లో ఎవరని. మాటిచ్చాను. ఆమె చెయ్యెత్తి గోడమీది బీరతీగనుంచి ఒక కాయ తెంపి నా చేతిలో పెట్టింది.

"పంతులమ్మ. బీరకాయ అడిగింది," అని చెప్పింది భర్తకు.

ఆయన నన్ను, కాయను, కాగితాన్ని చూశాడు. కాగితం మడిచి ఉంది. ఎద్దులను విప్పడానికి వెళ్లాడు. అక్క వాళ్ల పొయ్యిలోనే ఆ కాగితాన్ని వేసేశాను.

తిరిగి వచ్చాక అన్న ఏమైందని అడిగాడు. కుదిరిందిగానీ గీయలేనన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేనన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నాటకం దగ్గర పడుతోంది, ఆటలా ఉందా నీకు అని వెళ్లిపోయాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది.

మర్నాడు మళ్లీ ఆ గుడ్డ ముందు నిలబడ్డాను. కళ్లు మూసినా తెరిచినా ఆ చేతులే. వాటిని తీసేస్తే ఏం మిగులుతుందని నన్ను నేనే అడుక్కుంటూ కూర్చున్నాను. గిన్నె లేదు, సందు లేదు. గోడ ఉంది. గోడమీద ఆమె కాయ తెంపిన తీగ ఉంది. దాని మొదలు ఎక్కడుందో అప్పుడు గుర్తుకొచ్చింది. చిన్నకోడలి వైపు నేలలో మొలిచి, గోడెక్కి, ఇవతలికి దిగి కాసింది. గోడ పెట్టినవాళ్లు దాన్ని కోసెయ్యలేదు, చూసి ఉండరు కూడా.

ఇక ఆగలేదు. పరదా నిండా పగుళ్లు లేని, సందు లేని గోడ గీశాను. ఒకవైపు మొదలు, ఇంకోవైపు కాయలు. ఒక్క మనిషిని కూడా వెయ్యలేదు. రంగులు ఆరకముందే అన్న వచ్చాడు. దగ్గరగా చూసి, తలుపు దగ్గరికి వెళ్లి అక్కణ్నుంచీ చూశాడు.

"గిప్పుడు బాధపెడుతున్నది," అన్నాడు.

నాటకం రోజు చందూర్‌నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. ఆ అన్నదమ్ములు మగవాళ్ల వైపు దూరదూరంగా కూర్చున్నారు. ముందు తెర లేచేముందు నా చూపు పెద్దవాడి మీదే ఉంది. మాట తప్పలేదు గానీ, తీగను చూసి ఆయనకు ఏమైనా తడితే? తెర లేచింది. పెద్దవాడు ముందుకు వంగి చూశాడు, తరువాత వెనక్కి ఆనుకున్నాడు. ఆడవాళ్ల వైపు తిరిగాను. తోడికోడళ్లిద్దరూ ఒకే బొంతమీద, ఒకరి భుజానికి ఒకరు తగిలేలా కూర్చుని ఉన్నారు. పెద్దామె నన్ను వెతికి చూసింది. నవ్వలేదు, తల ఊపలేదు, చూసిందంతే.

చందూర్‌లో ఆ గోడ ఆ తరువాత చాలా ఏళ్లు అలాగే ఉందని అక్క చెప్పేది. మరుసటి గానుగ సీజన్ అయిపోయాక అన్న ఇంకో నాటకం పట్టుకుని మా గడపలోకి వచ్చాడు. ఈసారి ఏం గీయాలో ఆయన చెప్పలేదు, బొమ్మ వెతకడానికి ఎక్కడికి వెళ్తావని అడిగాడు.