మాస్టారి జేబులో దొరికిన క్షమ

మా నానమ్మ అనుమానం ముందు పోలీసు కుక్కలు దిగదుడుపే. అవి వాసన చూసి దొంగను పట్టుకుంటాయి. ఆవిడ దండం పెట్టిన తీరు చూసి పట్టేస్తుంది. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి చెబుతున్నాను, ఆవిడ చేతికి ఒక జిల్లా అప్పగించొచ్చు.

ప్రస్తుతానికి ఆవిడ చేతిలో ఉన్నది వీధి మలుపులో ఒక ఇస్త్రీ కొట్టు. ఎవరి చొక్కా వచ్చినా జేబులు తిరగేశాకే బల్లమీద పరుస్తుంది. ఒకసారి ఎవరి పెన్నో సిరా కక్కి తెల్లచొక్కా పాడైన దగ్గర్నుంచీ ఆ అలవాటు.

ఆరేళ్ళ కిందట ఒక మెకానిక్, బండి అడ్డంగా పెట్టాడన్న గొడవలో నానమ్మ చిన్నకొడుకుని, అంటే మా బాబాయిని, ఇనపరాడ్డుతో కొట్టి చంపాడు. జైల్లో ఉన్నాడు. ఇప్పటికీ వీధిలో ఎక్కడైనా ఇనుము కిందపడి మోగితే నానమ్మ చెయ్యి ఇస్త్రీపెట్టె పిడి మీద బిగుసుకుపోతుంది. అప్పుడు నేను కూడా వేళాకోళమాడను.

ఈ మధ్య రిటైరైన మాస్టారొకాయన రోజూ చొక్కా తెచ్చి, క్షమ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"క్షమిస్తే మనసు తేలికవుతుందమ్మా."

"బాగా చెప్పారు. ఇంతకీ మీరు ఎవరి తరఫు?"

"మంచి తరఫు."

"మంచి కూడా మీ ఇంట్లోనే అద్దెకుంటోందా?"

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన వెళ్ళాక, "వారానికోసారి వచ్చేవాడు, రోజూ వస్తున్నాడు. అదీ నలగని చొక్కాలతో" అంది.

"నీ మీద మనసుపడ్డాడేమోనే" అన్నాను. వీపు మీద హ్యాంగర్ విరిగింది.

నిన్న ఆయన జేబులో ఒక కాగితం దొరికింది. 'అతణ్ణి మనస్ఫూర్తిగా క్షమించాను. ముందుగా విడుదల చేసినా నాకు అభ్యంతరం లేదు.' కింద నానమ్మ పేరు, సంతకానికి ఖాళీ.

నానమ్మ ఆ చొక్కాని ఎప్పటికంటే బాగా ఇస్త్రీ చేసింది. సాయంత్రం కాగితంతో సహా ఆయన చేతికిచ్చింది.

"మెకానిక్ మీకేమవుతాడు?"

ఆయన తల దించుకున్నాడు. "మేనల్లుడు. మా చెల్లెలు ఏడుస్తోందమ్మా."

"నేనూ ఏడ్చాను. మొదటిరోజే ఈ ముక్క చెప్పుంటే కుర్చీ వేసి వినేదాన్ని. నా మనసులో మాట మీరు టైపు కొట్టించుకొచ్చారు. సంతకం పెట్టను, వెళ్ళండి."

ఆయన వెళ్ళాడు. నాకు నోరు ఊరుకోదు కదా. "ఆయన చేసింది మోసమే. కానీ నానమ్మా, నిజంగానే క్షమిస్తే నీకు తేలికవుతుందేమో?"

"బరువుగా ఉందని నీతో చెప్పానా? మోసేదాన్ని నేను. నోరు మూసుకుని ఆ దుప్పటి దులుపు."