చీర మడతలో ఓబులమ్మ ఆధార్

నవ్వితే నవ్వండి గానీ మధ్యలో ఆపొద్దు. జనాల ఆధార్ కార్డులు బజారున పడకుండా కాపాడతానని బయలుదేరిన మనిషిని నేను. పోయిన వారం ఆ కార్డులనే పట్టుచీరల్లో పెట్టి, నా చేత్తోనే అడ్రస్ రాసి కొరియర్ చేసినాను! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో చివర్లో చెప్తాను.

ధర్మవరంలో మా చీరల వ్యాపారం సంగతి మీకు తెలిసిందే. మగ్గాల వాళ్ల దగ్గర నేయించడం, ఫోన్లో ఫోటోలు పెట్టి అమ్మడం. ఓబులమ్మ మాకు పన్నెండేళ్లుగా నేస్తుంది. ఆమె నేసిన చీర అంచు పట్టుకుంటే చాలు, ఇది ఓబులమ్మదే అని కళ్లు మూసుకొని చెప్పొచ్చు.

ఒక పొద్దున ఆమె వచ్చి, స్విచాఫ్ చేసిన ఫోన్ నా ముందర పెట్టింది. పది దినాలుగా ఎవరెవరో ఫోన్ చేస్తున్నారంట. బ్యాంకు అంటారు, ఇంకేదో ఆఫీసు అంటారు. ఈమె పేరు, మొగుని పేరు, వీధి పేరు అన్నీ వాళ్లే చెప్పి, ఫోనుకు వచ్చిన నంబరు చదవమంటారు. ఈమె చదవలేదు, తెలివైంది. కానీ మొగుడికి అనుమానం, వాడెవడో నీ పేరు పెట్టి ఎందుకు పిలుస్తున్నాడని. గొడవ పడలేక ఫోన్ కట్టేసి పెట్టింది. అనంతపురం హాస్టల్లో చదివే కూతురు రెండు దినాలు జ్వరంతో పడి, అమ్మకు ఫోన్ కలవక ఏడ్చిందంట.

"నా బిడ్డ ఫోను చేస్తే ఎత్తుకోవాలక్కా. అంతే నాకు కావల్సింది" అనింది ఓబులమ్మ.

నాకు కోపం నషాళానికి అంటింది. కోపమొస్తే నేనేం చేస్తాను? స్టేటస్ పెడతాను. ఎర్ర అక్షరాలతో, పిడికిలి బొమ్మతో "మా వివరాలు మా హక్కు" అని పెట్టినాను. చీరల గ్రూపు, పొదుపు గ్రూపు, టెన్త్ క్లాస్ బ్యాచ్ గ్రూపు, దేన్నీ వదల్లేదు. దండాలొచ్చినాయి, చప్పట్లొచ్చినాయి. ఓబులమ్మ ఫోన్ మాత్రం స్విచాఫ్‌లోనే ఉంది.

ఆ సాయంత్రమే మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నాను. మూడోది తీస్తుంటే కాగితంలోంచి ఎవరో ఒకామె నా వైపు చూస్తా ఉంది. ఆధార్ జిరాక్స్! పేరు, ఊరు, నంబరు, అన్నీ నూనెలో తడిసి తళతళ మెరుస్తున్నాయి. వెంటనే ఫోటో తీసి "చూడండి మన బతుకు" అని స్టేటస్ ఎక్కించినాను. లోపల్నుంచి మా ఆయన నింపాదిగా చెప్పినాడు, పోస్టు బాగుందంట, ఆ తల్లి నంబరు కూడా అంకె అంకె కనపడుతోందంట. ఉరుక్కుంటూ పోయి తీసేసినాను. అప్పటికే మూడు గ్రూపులకు పోయింది.

అప్పుడు బుద్ధొచ్చింది. ఫోన్లో అరిచేది చాలు, కాళ్లకు పని చెప్పాల అనుకున్నాను. బజ్జీల ఆయన్ని అడిగితే, కాగితాలు మూలమీది జిరాక్స్ అంగడి నుంచి తెస్తానన్నాడు. మర్నాడు ఓబులమ్మను స్కూటీ మీద ఎక్కించుకొని అక్కడికి పోయినాను. మాసినట్టు వచ్చినవీ వంకరగా వచ్చినవీ బల్ల కింద గోతంలో పడేస్తాడంట ఆయన. కుమ్మరించమన్నాను. పైపైనే ఉంది ఓబులమ్మ మొహం, చేనేత పథకం అప్లికేషన్‌కు తీయించుకున్నప్పుడు సగం నల్లగా వచ్చిన కాపీ. కింద మగ్గం నేసే ఆమె అని, ఫోన్ నంబరుతో సహా రాసి ఉంది.

"దాంట్లో ఏముంది మేడం, వేస్టు పేపరు" అన్నాడాయన.

"అట్లయితే నీ ఇంట్లో వాళ్ల కార్డు ఇయ్యప్పా. రేపు నేను దాంట్లో బజ్జీలు కట్టిస్తా."

జనం గుమిగూడినారు. ఆయన మొహం మాడ్చుకొని గోతం నాకు అప్పజెప్పినాడు. ఇకమీదట పాడైన కాపీ ఎవరిది వాళ్ల చేతికే ఇస్తానని నలుగురి ముందర ఒప్పుకున్నాడు. ఎంత గొప్పగా అనిపించిందో! ఓబులమ్మ తన కాగితం అక్కడే చించేస్తానని చెయ్యి చాపింది. నేను వద్దన్నాను. ఎందుకో చెప్పమంటారా? అన్నీ కలిపి కాలుస్తూ వీడియో తీసి స్టేటస్‌లో పెడదామని! కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? గోతం మా చేతికొచ్చిందనే ధైర్యంతో ఓబులమ్మ ఆ దినమే ఫోన్ ఆన్ చేసుకుంది.

ఇంటికొచ్చి మా అత్తకు గోతం చూపించి, జాగ్రత్త అత్తా, ఎవరికీ ఇవ్వొద్దు అని చెప్పినాను. వీడియోకు పొద్దున వెలుతురు బాగుంటుందని కాల్చేది మర్నాటికి పెట్టుకున్నాను.

పట్టుచీర మడత వేసేటప్పుడు జరీకి జరీ రాసుకోకుండా మేము మధ్యలో కాగితం పెడతాము. మా ఇంట్లో ఆ పని అత్తది. కరువులు చూసిన చేతులు అవి. నీళ్లయినా కాగితమైనా ఒకసారి వాడి పారేయడం ఆ చేతులకు రాదు. మర్నాడు అగ్గిపెట్టె పట్టుకొని, ఫోన్ మా ఆయన చేతికిచ్చి, చీర కుచ్చిళ్లు సర్దుకొని చూస్తే గోతం ఖాళీ.

"చీరల్లో పెట్టినా" అనింది అత్త. "ఒగ పక్క తెల్లగా ఉండాయి. రాత లోపలికి మడిచి పెట్టినాలే. అంత మంచి కాగితాలు కాల్చేకి నీకు చేతులెట్ల వస్తాయే?"

ఆ చీరల్లో పదకొండు ముందురోజు సాయంత్రమే కొరియర్‌లో పోయినాయి, అన్నీ దగ్గరి ఊళ్లకే, ఆ మధ్యాహ్నానికే చేరిపోయినాయి. ఇంట్లో మిగిలినవన్నీ విప్పి చూసినాను. ఊళ్లో సగం మంది మొహాలు దొరికినాయి గానీ ఓబులమ్మది లేదు. కొన్నవాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, చీర మడతలో కాగితం ఉంటే చించేయండి అని బతిమాలినాను. ఒకామె అది లక్కీడిప్ కూపనా అని అడిగింది. ఇంకొకామె, మా దాంట్లో మీసాలాయన వచ్చినాడు, ఆయన్నేం చెయ్యాలని అడిగింది. అందరూ దొరికినారు, ఎవరి దాంట్లోనూ ఓబులమ్మ లేదు. రాయదుర్గం ఆమె ఒక్కతే దొరకలేదు. సాయంత్రం ఎన్నిసార్లు చేసినా ఎంగేజే.

అంతకుముందే, మిగిలింది రాయదుర్గం ఒక్కటేనని తేలగానే, ఓబులమ్మకు చెప్పక తప్పలేదు. మగ్గం ఆపి, అంతా విని, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ అంగడాయన గోతంలో ఉంటే బజ్జీల బండి దాకా పోయేదక్కా. నువ్వు రాయదుర్గం దాకా పంపిస్తివి" అనింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, అనంతపురంలో మారి, మాపటికి ముందే రాయదుర్గం చేరినాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆమెకు జీన్స్ కుట్టే యూనిట్ ఉంది, మిషన్ల మోత మధ్యలోనే నవ్వుతూ ఎదురొచ్చింది. కాగితం బీరువాలో భద్రంగా పెట్టిందంట! చీరతో పాటు నేసినామె కార్డు కూడా పంపిస్తారా, ఎంత మంచి పద్ధతి అని మెచ్చుకుంది. నిన్న సాయంత్రం గంటసేపు ఓబులమ్మతోనే మాట్లాడిందంట. చెల్లెలి పెళ్లికి రెండు చీరలు నేరుగా ఆమెకే చెప్పేసిందంట.

కాఫీ గ్లాసు కింద పెట్టేసినాను. మా వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది. నేసిన వాళ్లెవరో కొనేవాళ్లకు చెప్పము, కొన్నవాళ్లెవరో నేసేవాళ్లకు చెప్పము. మా మామ పెట్టింది, నేను తు.చ. తప్పకుండా నడిపించినాను. ఓబులమ్మ నంబరును పన్నెండేళ్లు ఎవరికీ దొరక్కుండా కాపాడిన మనిషిని నేనే. ఆ కాగితాన్ని అక్కడే ముక్కలు ముక్కలు చేసి, ముక్కలు పర్సులో వేసుకొని వచ్చినాను.

మర్నాడు మగ్గం దగ్గరికి పోయి, కోపం దాచుకొని, రాయదుర్గం వాళ్లు ఫోన్ చేసినారంట గదా అని అడిగినాను.

"చేసిరి. నా చీర బాగుండాదని చెప్పిన మొదటి ఫోనక్కా అది" అనింది. నా మొహం చూసి తనే అడిగింది. "నా నంబరు దొంగోళ్లకు తెలిస్తే తప్పు. కొనేవాళ్లకు తెలిస్తే కూడా తప్పేనా?"

అని, నేసి ముగించిన చీర నా చేతిలో పెట్టింది. పైన చిన్న చీటీ, జ్వరం తగ్గి ఇంటికొచ్చిన కూతురి చేత రాయించినట్టుంది. ఓబులమ్మ, మగ్గం నేసే ఆమె, కింద ఫోన్ నంబరు. ఆధార్ ఎవరికీ పోకూడదంట, ఇది మాత్రం మడతలో పోవాలంట. ఎవరికి ఏం తెలియాలో తనే చెప్తుందంట.

ఒళ్లు మండేది ఎవరి మీదో ఇప్పుడు తెలిసింది కదా? న్యాయం మాట్లాడిన ఓబులమ్మ మీదే! ఇంటికొచ్చి ఆ చీటీని రెండుసార్లు బయటికి తీసినాను. మా అత్త చూస్తానే ఉంది. మూడోసారి మడతలో పెట్టి, కవర్ అంటించి, పెన్ను విరిగేటట్టు నొక్కి అడ్రస్ రాసినాను. దీనికి మాత్రం స్టేటస్ పెట్టలేదు.