వదిన వదలని నంబరు

మా వదినను ఆఫీసులో మొండిఘటం అంటారు. ఎదురుగా అనే ధైర్యం లేదు, ఆమె కుర్చీలోంచి లేచి వెళ్లాక అంటారు. ఇంట్లో మేం మాత్రం మొహం మీదే అంటాం. ఆమెకు కోపం రాదు. "ఘటమన్నాక గట్టిగా ఉండాలి, చిల్లుదాన్ని ఎవరు కొంటారు?" అంటుంది.

ఆమె పని పటాల ఆఫీసులో. గోడకు తగిలించే పటాలు కావు, కంప్యూటర్లో ఉండేవి. మా ఊరిని ఆనుకుని ఏరు, ఏటికి అవతల వేరే దేశం. రెండు దేశాలూ సరిహద్దుకు ఒకే ఉమ్మడి పటం పెట్టుకున్నాయి. అందులో ప్రతి రోడ్డుకూ, వంతెనకూ, కాలువకూ ఒక నంబరు. ఆ నంబర్లను కాపాడటమే వదిన ఉద్యోగం. రోడ్డు వెడల్పయితే కొత్త కూర్పు అని రాస్తుంది గాని నంబరు ముట్టుకోదు. వంతెన కొట్టుకుపోతే ఆ నంబరును పక్కన పెట్టేస్తుంది, ఇంకో వంతెనకు ఇవ్వదు. నేల మీద మార్పు లేకుండా నంబరు మార్చకూడదని రెండు దేశాలూ సంతకాలు కూడా పెట్టుకున్నాయి. "జుట్టు కత్తిరించుకున్నావని నీ పేరు మారుస్తామా? పక్కింటాయన పోయాడని ఆయన పేరు నీకు పెడతామా?" అని ఒకసారి నాకు పాఠం చెప్పింది. ఇదీ ఒక ఉద్యోగమేనా అని పడీపడీ నవ్వాను. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు.

నా కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. అది చేసే ఆసుపత్రి ఏటికి అవతల ఉంది, చిన్న వంతెన దాటితే చాలు. మా వైపు ఆసుపత్రికి పోవాలంటే సగం రోజు ప్రయాణం. అంత దూరం పోయి, సూదులు గుచ్చించుకుని పడుకుని, మళ్లీ అంత దూరం వచ్చే ఒళ్లు కాదు నాది. మా రోగుల వ్యానుకు రెండు దేశాలూ కలిసి ఒక అనుమతి కార్డు ఇచ్చాయి. దాని మీద వంతెన నంబరు ఉంటుంది. గేటు దగ్గరి కంప్యూటరు ఆ నంబరును ఉమ్మడి పటంలో వెతుకుతుంది, దొరికితే గేటు లేస్తుంది.

ఒక మంగళవారం గేటు లేవలేదు.

"ఈ నంబరు వంతెన లేదంటోంది," అన్నాడు అవతలి కాపలాదారు.

మా వ్యాను డ్రైవరుకు ఒళ్లు మండింది. "లేకపోతే మేం దేని మీద నిలబడ్డామయ్యా, గాల్లోనా?"

"వంతెన మీదే. నాకు కనబడుతోంది. తెరకు కనబడట్లేదు. నన్నేం చెయ్యమంటావు?"

నా వెనక సీట్లో ఎప్పుడూ కూర్చునే పంతులుగారు, పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, కిటికీలోంచి ఏట్లోకి తొంగిచూశాడు. "ఈత వచ్చినవాళ్లు చేతులెత్తండి," అన్నాడు. అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు భయం వేసింది. అప్పటికే కాళ్లు నీరు పట్టి ఉన్నాయి, చెప్పులు బిగుసుకుపోయాయి.

వదినకు ఫోన్ చేశాను. ఆమె చూసింది. వాళ్ల ఆఫీసు కొత్త ప్రోగ్రాం కొన్నది, దాన్ని పరీక్షించడానికి పటంలో మా ఏటి ముక్కను అవతలికి పంపారట. ఆ ప్రోగ్రాం ఉన్నవాటన్నిటికీ కొత్త నంబర్లు వేసేసింది. పాత వంతెనను చంపేసి, అదే చోట కొత్త వంతెన పుట్టిందని రాసింది. ఎందుకు మారింది అన్న గడిలో ఎవరో 'సవరణలు' అని ఒక ముక్క కొట్టారు. అవతలివాళ్లూ చూడకుండా ఒప్పుకున్నారు. వదిన వాళ్ల వెంటపడి పాత కూర్పును తిరిగి పెట్టించేదాకా మేం వంతెన మీదే ఉన్నాం.

సాయంత్రం ఇంటికొచ్చి సంచీ విసిరేసింది. "ఇవాళ ముక్కే పంపారు. శుక్రవారం మొత్తం పటం ఇలాగే పంపుతారట."

వాళ్ల పెద్దసారుతో పడ్డ గొడవను మర్నాడు వదినే నాకు రెండు గొంతులతో వినిపించింది. ఆయన చెడ్డవాడేం కాదు. "చూడండమ్మా, ఒకే కల్వర్టుకు మనం ఒక నంబరిచ్చాం, వాళ్లొకటి ఇచ్చారు. అంతా గజిబిజి. తుడిచేసి మొదట్నుంచి వేసుకుంటే పీడా పోతుంది," అన్నాడట. జంట నంబర్లున్న మాట నిజమే.

"ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెడతామా సార్? జంటలున్న చోట ఒకటి ఆపేసి, రెండోదాన్ని చూడమని రాద్దాం. నాకు టైమివ్వండి, ఒక్కొక్కటీ నేనే చేస్తాను."

"టైమెక్కడిది? కార్డులవాళ్లు కొత్త కార్డులు తీసుకుంటారులెండి."

"అవతల కొత్త కార్డు రావాలంటే నెలలు సార్. ఆ వ్యానులోవాళ్లు వారం ఆగలేరు."

"మీ ఆడపడుచు ఉంది కాబట్టే మీరింత గొడవ చేస్తున్నారని అందరూ అనుకుంటున్నారు."

ఇంకొకరైతే నీళ్లు నమిలేవాళ్లు. వదిన కుండబద్దలు కొట్టింది. "అనుకోవడం ఎందుకు సార్, నిజమే. మా ఆడపడుచు ఉంది కాబట్టి ఆ నంబరు వెనక మనుషులున్నారని నాకు ముందు తెలిసింది. ఇప్పుడు మీకూ చెప్పాను. రేపు తెలియదనకండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య మెల్లగా గొణిగాడు. "ఉద్యోగం పోతే ఇల్లెలా నడుస్తుంది? నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటావు."

"నాలుగో కాలు చూపించు, ఒప్పుకుంటాను," అంది వదిన. అన్నయ్య సూదులతో కమిలిన నా చేతి వంక చూసి తల దించుకున్నాడు.

గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి అన్నాను. "నా కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకోకు వదినా."

"నీ కోసమని ఎవరన్నారు? నా నంబర్ల కోసం. మధ్యలో నువ్వు అడ్డమొచ్చావు, అంతే."

పెద్దసారుకు ఒకటి చెప్పింది, నాకు ఇంకొకటి చెప్పింది. ఏది నిజమో నాకు తెలియదా? అక్కడే నిలబడి ఏడ్చాను, తడి చేత్తోనే నా నెత్తిన ఒకటి మొట్టింది.

శుక్రవారం రానే వచ్చింది. పటం అవతలికి వెళ్లాలంటే ఏం మారింది, ఎందుకు మారింది అన్న గడి నింపాలి, పరీక్ష ముక్కకైతే ఎవరైనా కొట్టొచ్చు, మొత్తం పటానికి నంబర్లు చూసే మనిషే నింపాలి. పెద్దసారు ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఆఫీసంతా పనులాపి చూస్తోంది. 'నేను చెయ్యను' అని వదిన లేచిపోవచ్చు. లేస్తే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతారు, వాళ్లు మళ్లీ 'సవరణలు' అని కొడతారు. వదిన లేవలేదు. గడిలో ఇలా రాసింది: "నేల మీద ఏమీ మారలేదు. నంబర్లు మాత్రం అన్నీ మార్చాం." కింద తన పేరు కొట్టి పంపేసింది.

"ఏంటిది?" అన్నాడు పెద్దసారు.

"ఏం మారిందని గడి అడిగింది సార్. ఉన్నది రాశాను. అబద్ధముంటే చూపించండి, దిద్దుతాను."

అవతల ఇదే పని చేసే ఆయనను వదిన ఎన్నడూ చూడలేదు, ఫోన్లో గొంతు తప్ప తెలియదు. ఈసారి ఆయన చదివాడు. చీకటి పడేలోగా మొత్తం పటం వెనక్కి వచ్చింది. "మీరు రాసిన ప్రకారం ఒప్పందం ఒప్పుకోదు. పాత నంబర్లతో పంపండి," అని ఉంది.

సోమవారం వదినను పాత కాగితప్పటాల గదికి మార్చారు. కిటికీ లేని గది, ఒక బల్ల, దుమ్ము. ఆ పెద్దసారును నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఊరుకో, బీపీ పెరుగుతుంది," అంది వదిన. "సీటు మారింది. నేను మారానా?"

మంగళవారం వ్యాను గేటు దగ్గర ఆగింది. "ఏమయ్యా, ఇవాళ వంతెన ఉందా?" అని అడిగాడు డ్రైవరు. "ఉందంటోంది," అన్నాడు కాపలాదారు. గేటు లేచింది.

ఏరు దాటాక వదినకు ఫోన్ చేశాను. ఆ గదిలో గొంతు సరిగా వినబడదు, గట్టిగా అరవాల్సి వచ్చింది. "దాటాం వదినా."

"ఏ నంబరు మీద?"

కార్డు తీయకుండానే అంకెలన్నీ ఒప్పజెప్పాను.

"అదే," అని ఫోన్ పెట్టేసింది.