ఐసులో వచ్చిన శాంపిల్

2003. మదనపల్లెలోని ఒక సంతాన చికిత్సా కేంద్రంలో ల్యాబ్ నా చేతిలో ఉండేది. పుంగనూరు వైపు ఒకప్పుడు మా తాతగారి మాటకు ఎదురుండేది కాదు. భూములు పోయాక నేను బెంగళూరులో ఈ పని నేర్చుకున్నాను. మగవాళ్ళ వీర్యం పరీక్షించే ఉద్యోగమని బంధువులు నవ్వారు. వాళ్ళకు సంజాయిషీ ఇవ్వవలసిన అవసరం నాకు కనిపించలేదు.

వీర్యంలో చురుకైన కణాలు తక్కువగా ఉంటే, వాటిని వేరు చేసి భార్య గర్భసంచిలోకి పంపుతారు. దీన్ని ఐయూఐ అంటారు. వేరు చేయడానికి అప్పట్లో మాకు రెండు పద్ధతులుండేవి. స్విమ్-అప్‌లో వీర్యం మీద పోషక ద్రవం పోసి వెచ్చగా ఉంచితే, బలమైన కణాలు తామే ఈదుకుంటూ పైకి వస్తాయి. గ్రేడియెంట్‌లో వేరువేరు చిక్కదనాలున్న ద్రవాల మీద వీర్యాన్ని పోసి యంత్రంలో గిర్రున తిప్పుతాం. మంచివి అడుగుకు చేరతాయి. ఈదేవే కరువైనవాళ్ళకు నేను గ్రేడియెంట్ చేసేవాణ్ణి.

చౌడేపల్లె నుంచి వచ్చే రెడ్డెప్ప అలాంటివాడే. పాడి రైతు. పిల్లలు లేకపోవడం కోడలు భాగ్యమ్మ లోపమేనని అతని తల్లి నమ్మింది. ఈ నెల కాకపోతే కొడుక్కి వేరే సంబంధం చూస్తానంటోంది. అతని రిపోర్టు మేము ఎప్పుడో ఇచ్చాం. దాన్ని చదివించుకోకుండానే భార్య చేతిలో పెట్టేశాడు.

అండం విడుదల కావడానికి భాగ్యమ్మకు ముందురోజు ఇంజెక్షన్ ఇచ్చారు. శాంపిల్ ఇంటి నుంచే తెస్తానని రెడ్డెప్ప పట్టుబడితే, చెడిపోకుండా తెమ్మని నర్సు చెప్పింది. ఉదయాన్నే భాగ్యమ్మను వెంటబెట్టుకుని ఫ్లాస్కుతో దిగాడు. మూత తీస్తే ఐసు ముక్కల మధ్య మేమిచ్చిన సీసా. స్లైడు మీద ఒక్క కణమూ కదలలేదు.

"ఐసులో ఎందుకు పెట్టావప్పా?"

"చెడిపోకూడదన్నారు కదా సార్. పాలకైనా ఐసే కదా. ఆవులకి సూదేసే ఆయప్ప కూడా పొగలొచ్చే క్యానులో తెస్తాడు."

ఆవులకు సూదితో ఎక్కించే ఎద్దు వీర్యంలో ముందే రక్షక ద్రవం కలిపి ఒక పద్ధతిగా గడ్డకట్టిస్తారనీ, ఉత్త ఐసు తగిలితే కణాలు చచ్చిపోతాయనీ చెప్పాను. ఇప్పుడే ఇంకొకటి ఇవ్వకపోతే ఈ నెల పోయినట్టేనన్నాను.

"నా వల్ల కాదు సార్. హాల్లో అంతమంది ఆడోళ్ళు కూర్చోనుండారు. డబ్బా పట్టుకోని వాళ్ళ ముందర బాత్రూముకి పోవల్లా?"

భాగ్యమ్మ ఊరుకోలేదు. "ఆవుకి సూదేయించేటప్పుడు నడీదిలో నిలబడి సూస్తావే. ఆడ రాని సిగ్గు ఈడ యాల వస్తాండాది?"

"అది ఆవు."

"మరి నేనెవురు? ప్రతినెలా ఈడికొచ్చి బల్ల మీద పండుకునేది నేను కాదా?"

అతను తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. గడప దాటితే తిరిగి రాడని అర్థమైంది. పరువు గల మనిషిని బతిమాలినా బెదిరించినా ఇంకా బిగుసుకుపోతాడు. మా తాతగారిని చూసి పెరిగిన నాకు అది ఎవరూ నేర్పనక్కర్లేదు. వెనక వీధిలోని మా ఇంటి తాళంచెవి తీసి భాగ్యమ్మకు ఇచ్చాను.

"ఇంట్లో ఎవరూ లేరు. ఇద్దరూ వెళ్ళి రండి. సీసా చొక్కా లోపల, ఒంటికి ఆనించి తేవాలి."

తెచ్చారు. ఈసారి స్లైడు పెట్టి రెడ్డెప్పను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు కన్ను తీయలేదు.

"కదిలేటివి ఇంతేనా సార్?"

"ఇంతే. కొన్ని ఉన్నచోటే ఊగుతున్నాయి. తక్కినవాటికి ఆ ఊపూ లేదు."

"అయితే కొదవ దీంట్లో లేదు," అన్నాడు, భార్యను చూపిస్తూ. భాగ్యమ్మ కిటికీ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

గ్రేడియెంట్ చేసి దొరికిన కొద్దిపాటి కణాలను డాక్టరమ్మకు అందించాను. ఆ నెల గర్భం నిలవలేదు. నిలవని సంగతి తెలిసిన రోజు వాళ్ళతో రెడ్డెప్ప తల్లి కూడా వచ్చింది. ఆమె హాల్లోనే కోడల్ని ఎత్తిపొడవబోతే రెడ్డెప్ప అడ్డుపడ్డాడు. "నోరు మూయి మా. లోపం నాలో ఉండాది. నా కండ్లతో సూసినా." ఆమె ఇక వేరే సంబంధం ఊసెత్తలేదని భాగ్యమ్మ తర్వాత చెప్పింది. మరుసటి ఏడాది వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది.

అప్పటి నుంచి ఏ మగవాడికీ రిపోర్టు నేరుగా చేతికివ్వలేదు. ముందు మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. కాగితమైతే భార్య చేతిలో పెట్టి చక్కా పోవచ్చు. చూసిందాన్ని మాత్రం ఇంకొకరి చేతిలో పెట్టలేడు.