రాగి గిన్నె మోగిన పెరడు

ఆ వీధిలో ఆయన్ని అందరూ ఊఁ తాత అంటారు. ఎవరేం చెప్పినా తలూపి ఊఁ అనడం ఆయన అలవాటు. ఒకసారి పక్కింటి దర్జీ వచ్చి, మీ ప్రహరీ మావైపు ఒరుగుతోంది తాతా అంటే ఊఁ అని నవ్వాడు. ఇంకో మూరెడు ఒరిగితే మా నెత్తిన పడుతుంది అన్నా ఊఁ అనే నవ్వాడు. పొద్దస్తమానం రాగిరేకు మీద సుత్తితో కొట్టే మనిషికి వినికిడి ఎంతని మిగులుతుంది? సగం పైనే పోయింది. కానీ ఏమిటీ, ఏమిటీ అని అడుగుతూ కూర్చుంటే చులకనైపోతామని ఆయన భయం. తలూపితే పరువు దక్కుతుంది.

ముందు దుకాణం, దాని వెనక రెండు గదులు, ఆ వెనక పెరడు. పెరట్లో సున్నం వేసిన సమాధి. అందులో ఉన్నది రాగి బాబా, ఊఁ తాత వంశానికి మూలపురుషుడు. సూఫీల దారిలో నడిచిన మనిషే అయినా కొలిమి వదల్లేదు. పూట గడవడానికి బిందెలు కొట్టేవాడు, ప్రతి దెబ్బకూ ఒకసారి దేవుణ్ణి తలుచుకునేవాడు. కొట్టీ కొట్టీ చివరికి పూర్తిగా చెవిటివాడయ్యాడు. అయ్యో అని జాలిపడ్డవాళ్లతో, ఇన్నాళ్లూ సుత్తి చప్పుడు అడ్డొచ్చింది, పిలిచేవాడి పిలుపు ఇప్పుడే తేటగా వినబడుతోంది అన్నాడట. ఇక జనం కష్టాలు చెప్పుకోవడానికి బారులు తీరారు. ఆయన వినేదీ లేదు, ఇంకొకరి చెవిన వేసేదీ లేదు. గుండె బరువు దింపుకోవడానికి అంతకన్నా భద్రమైన చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఒకరోజు ఒక తల్లి మాటలు రాని పిల్లాణ్ణి తెచ్చింది. బాబా అప్పుడే పూర్తిచేసిన గిన్నెలో నీళ్లు పోసి, వాడి పెదాల దగ్గర పెట్టి, చిన్న సుత్తితో అంచు మీద ఒక్కటి తట్టాడు. పిల్లాడు నీళ్లు అన్నాడు. ఆ గిన్నె ఇంకా ఉంది. తరాలుగా ఆ ఇంటివాళ్లు అలాగే నీళ్లు పోసి తడుతున్నారు. దూరాల నుంచి పిల్లల్ని ఎత్తుకొస్తారు. మాటలు వచ్చినవాళ్లు పూలు పట్టుకుని మళ్లీ వస్తారు. రానివాళ్లు ఎందుకు వస్తారు? అందుకే ఊఁ తాత కళ్లకు గిన్నె వల్ల మాట వచ్చిన పిల్లలే కనబడ్డారు గాని, రానివాళ్లు ఎప్పుడూ కనబడలేదు.

కూతురు, అల్లుడు ఆయన దగ్గరే ఉంటారు. అల్లుడిదీ సుత్తి పనే. ఆ చప్పుడులో నోటితో మాట్లాడితే గొంతు పోవడమే గాని పని కాదు. అందుకే ఆ ఇంట్లో చేతులే మాట్లాడతాయి. అరచెయ్యి బోర్లిస్తే ఆపు. రెండు వేళ్లు మడిస్తే నిప్పు జాగ్రత్త. చూపుడువేలు గిర్రున తిప్పితే ఇంకోసారి కొట్టు. దూరంగా ఉన్నవాళ్లను పిలవాలంటే చెక్కపలకల నేల మీద కాలితో తన్నడమే.

మనవరాలు పుట్టాక రేకు పెట్టి కొట్టే దాకలి పక్కనే ఉయ్యాల కట్టారు. ఇద్దరు మనుషులు రేకు సాగగొడుతుంటే పసిది ఆదమరిచి నిద్రపోయేది. చూడవచ్చినవాళ్లందరికీ ఊఁ తాత ఆ వింత చూపించేవాడు.

"బాబా రక్తం. ఈ చప్పుడే దీనికి జోలపాట" అనేవాడు.

పిల్ల నవ్వేది, పాకేది, నడిచేది. వేలు తిప్పితే మళ్లీ చేసేది, నేల తన్నితే తిరిగి చూసేది. ఒక్క మాటా పలికేది కాదు. నాలుగో ఏడు వచ్చింది. దీపం కిందే చీకటి అని దర్జీ భార్య గోడ మీంచి వినబడేలానే అంది. గిన్నె కొట్టు నాన్నా అని కూతురు అడిగినప్పుడల్లా ఆయన, తొందరేముందే, ఆలస్యంగా మాటలొచ్చినవాళ్లే ఆ తర్వాత ఎవరి మాటా సాగనివ్వరు అని దాటేసేవాడు. అసలు సంగతి వేరు. ఊరివాళ్ల పిల్లకు గిన్నె పనిచెయ్యకపోతే వాళ్లు మళ్లీ రారు, అంతే. ఈ పిల్ల రోజూ ఎదురుగానే ఉంటుంది.

ఆ ఏడు జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే, పిల్ల వెనకాల నర్సు చేతిలోంచి పళ్లెం జారిపడింది. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. పిల్ల కిటికీలోంచి పిట్టను చూస్తూనే ఉంది. డాక్టరు పరీక్షలు రాశాడు. అవన్నీ అయ్యాక కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. రెండు వైపులా చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం ఎదగలేదు. యంత్రం అమర్చినా, అది పట్టిన శబ్దాన్ని మోసుకెళ్లే దారి లేదు. చేతులతో మాట్లాడటం నేర్పే బడి పక్క ఊళ్లో ఉంది, పిల్లలు అక్కడే ఉంటారు, వారానికోసారి ఇంటికి పంపుతారు. ఇప్పటికే ఆలస్యమైంది, ఈ వయసు జారిపోతే ఏ భాషా గట్టిగా పట్టుబడదు. అంతా అయ్యాక, ఇన్నాళ్లూ అనుమానం రాలేదా అని అడిగాడు.

"పిలిస్తే వచ్చేదండీ" అంది కూతురు.

అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఎవరినైనా నేల తన్నే పిలుస్తారు.

బడివాళ్లు సోమవారంలోగా చెప్పమన్నారు. ఆదివారం పొద్దున కూతురు పిల్లకు తలస్నానం చేయించి పెరట్లోకి తెచ్చింది. గిన్నె తనే తోమి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"వినబడితే ఆ బడి ఎందుకు నాన్నా? ఇంత పిల్లని వదిలి నేనుండలేను."

ఈసారి ఆయన దాటెయ్యలేదు. నీళ్లు పోశాడు. పిల్ల రెండు చేతులతో గిన్నె పట్టుకుని తాగబోయింది. ఆయన అంచు మీద తట్టాడు. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. గిన్నె వంక చూసి, తాత వంక చూసి, చూపుడువేలు గిర్రున తిప్పింది.

"వినబడింది నాన్నా. ఇంకోసారి అంటోంది, చూశావా?"

ఊఁ అన్నాడు. ఆ మాట ఆయనకు స్పష్టంగానే వినబడింది. అయినా ఊఁ అన్నాడు.

"రేపు ఆ బడివాళ్లకి రామని చెప్పేస్తాను."

దీనికి మాత్రం ఊఁ అనలేదు. రాగి అదురు అరచేతికి ఎలా తెలుస్తుందో ఆయనకు తెలుసు. చెవులు మందగించాక ఆయన బిందె గట్టిదో పగుళ్లున్నదో తేల్చేది చేత్తోనే. ఆయన గిన్నె తీసుకుని నీళ్లు పారబోసి, లేచి పిల్ల వెనక్కి వెళ్లాడు. పిల్ల కింద పడ్డ నీళ్లలో వేలితో గీతలు గీస్తోంది. తట్టాడు. పిల్ల గీతలు గీస్తూనే ఉంది. గట్టిగా కొట్టాడు. గోడ మీద దర్జీ తల లేచింది. పిల్ల తల తిరగలేదు.

"మళ్లీ కొట్టు" అంది కూతురు.

కొట్టాడు. మళ్లీ అంది. కొట్టాడు. అంచు సొట్టపడింది. తరాలుగా పడని సొట్ట. ఆయన కొడుతూనే ఉన్నాడు, కూతురు తల వంచుకుని అరచెయ్యి బోర్లించేదాకా.

సోమవారం కూతురు, అల్లుడు పిల్లని బడిలో దింపి వచ్చారు. వదిలి వస్తుంటే పిల్ల గేటు కమ్మీల మధ్య నుంచి అరచెయ్యి బయటపెట్టి, ఆపు, ఆపు అని చూపిస్తూనే ఉందట. అల్లుడు చెప్పాడు.

గిన్నె కోసం జనం ఇప్పటికీ వస్తారు. వద్దనడానికి ఆయనకు నోరు రాదు, బాబా గుమ్మం అది. కాకపోతే నీళ్లు పోసే ముందు, చెవులు చూపించారా అని అడుగుతాడు. కొందరు చూపిస్తామని వెళ్తారు. కొందరు, నమ్మకం లేని ఇల్లని గొణుక్కుంటూ వెళ్తారు. ఎవరు చూపించారో, ఎవరు చూపించలేదో ఆయనకు తెలిసే దారి లేదు.

శనివారాలు మనవరాలు ఇంటికి వస్తుంది. వచ్చీ రాగానే తాత ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చేతులతో కబుర్లు మొదలుపెడుతుంది. వారమంతా దాచుకున్నవి. ఆ వేళ్లు పిట్టరెక్కల్లా ఆడుతుంటాయి. ఆపు, నిప్పు, ఇంకోసారి తప్ప ఆయనకు తెలిసిన సైగలు పట్టుమని పది లేవు. కూతురు నేర్చుకుంటోంది. ఆయనకు వేళ్లు బిగుసుకుపోయాయి, గుర్తూ నిలవదు. అందుకని తలూపుతాడు, పక్కింటి దర్జీకి ఊపినట్టే.

దర్జీని మాయచెయ్యొచ్చు గాని పిల్లని మాయచెయ్యలేడు. అది కబుర్లు ఆపి ఆయన గడ్డం పట్టుకుని, ఊగుతున్న తలని కదలకుండా నిలబెడుతుంది. మళ్లీ మొదటినుంచి, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ విడదీసి చెబుతుంది. ఆయన కళ్లార్పకుండా చూస్తాడు. అదేదో పెద్ద సంగతేనని దాని మొహం చూస్తే తెలుస్తుంది. అది సంతోషమో ఫిర్యాదో మాత్రం తెలియదు.